ఐవీఎఫ్‌తో పాటు ఆక్యుపంక్చర్: డబ్బు పెట్టొచ్చా?

ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) చేయించుకుంటూ పక్కన ఆక్యుపంక్చర్ (ఒంట్లో సన్నటి సూదులు గుచ్చే చికిత్స) కూడా తీసుకుందామా అని ఆలోచిస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మా ఆడపడుచు చెబితే కూకట్‌పల్లి వైపు ఒక క్లినిక్‌లో నేను తీసుకున్నాను. పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేలాంటి బోర్డులు ఊళ్లో ఇంకా చాలాచోట్ల చూశాను.

ముందు బాగున్నది చెబుతాను. సూదులు వేసే మేడమ్ చెయ్యి చాలా తేలిక. ప్రతిసారీ కొత్త ప్యాకెట్ మన ఎదురుగానే చింపుతారు. నడినెత్తిన, చెవుల్లో, మణికట్టు లోపలివైపు, మోకాలి కింద, చీలమండకి నాలుగు వేళ్లు పైన వేస్తారు. హార్మోన్ ఇంజెక్షన్లతో పొట్టంతా నీలంగా కమిలిపోయి నాకు సూది అంటేనే భయం పట్టుకుంది. ఇవి మాత్రం చీమ కుట్టినంత కూడా అనిపించలేదు. కాసేపటికి సూది ఉన్నచోట బరువుగా, లోపల్నుంచి లాగుతున్నట్టు ఉంటుంది, అంతే. ఫోన్ బయట పెట్టించి, లైటు తగ్గించి, అరగంట ఎవరూ పలకరించరు. ఫాలికిల్స్ (అండాలు పెరిగే తిత్తులు) ఎంత పెరిగాయి, గర్భసంచి లోపలి లైనింగ్ ఎంత వచ్చింది అని పొద్దస్తమానం లెక్కలేసుకునే బుర్రకి ఆ అరగంట ఎంత అవసరమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. సిట్టింగ్ ఉన్న రోజు రాత్రి నాకు నిద్ర బాగా పట్టేది.

కోపం వచ్చింది రిసెప్షన్ గోడ మీది బోర్డు చూసి. 'ఆక్యుపంక్చర్‌తో ఐవీఎఫ్ సక్సెస్ 42 శాతం, లేకుండా 26 శాతం' అని పెద్ద అక్షరాలు. అడిగితే "ఫారిన్‌లో ప్రూవ్ అయింది మేడమ్" అన్నారు. అంకెలు కల్పించినవి కావు. 2002లో జర్మనీలో 160 మంది మీద చేసిన అధ్యయనంలోవి. సగం మందికి ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్‌కి (పిండాన్ని గర్భసంచిలో పెట్టడానికి) ముందు 25 నిమిషాలు, తర్వాత 25 నిమిషాలు సూదులు వేశారు. మిగతా సగం మందికి వేయలేదు. ఎవరికి వేశారో, ఎవరికి వేయలేదో ఆ ఆడవాళ్లకి తెలుసు. పైగా వాళ్లు లెక్కపెట్టింది నిలిచిన గర్భాల్ని, పుట్టిన బిడ్డల్ని కాదు.

2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సెంటర్లలో 848 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. అందులో సగం మందికి అసలు సూదులు, సగం మందికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులు. చివరికి బిడ్డ పుట్టినవాళ్లు అసలు సూదుల వైపు 18.3 శాతం, ఉత్తుత్తి సూదుల వైపు 17.8 శాతం. అంటే తేడా లేనట్టే. పదహారేళ్ల తర్వాత, ఐదు రెట్లు ఎక్కువమందిని చూసి తేల్చిన మాటని వదిలేసి పాతదాన్నే గోడకెక్కించడం అన్యాయం. అక్కడికి వచ్చేవాళ్లలో గోల్డ్ లోన్ పెట్టి వచ్చినవాళ్లున్నారు. 'ఇది కూడా చేయించలేదు, అందుకే నిలవలేదు' అనే మాట ఇంట్లో పడాల్సి వస్తుందేమోనన్న భయంతో డబ్బు కట్టినావిడ నా పక్కనే కూర్చుంది.

డబ్బు సంగతి. ఒక్కో సిట్టింగ్ 1,200 రూపాయలు. ప్యాకేజీ తీసుకోమని గట్టిగా పట్టుబడతారు. నేను ఏ రోజుకి ఆ రోజే కట్టాను, ఒప్పుకున్నారు. నా ఇన్సూరెన్స్‌లో ఇది రాదు. ఒక పొడి కూడా ఇవ్వబోయారు, "మీ డాక్టర్‌కి చెప్పక్కర్లేదు" అంటూ. తీసుకోలేదు. ఐవీఎఫ్ మందుల మధ్యలో ఏముందో తెలియని పొడి ఎవరిచ్చినా తీసుకోకండి. మీరు రక్తం పలచబడే ఇంజెక్షన్లు వాడుతుంటే సూదులు వేసేముందే ఆ మాట చెప్పండి. నన్ను ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను.

ట్రాన్స్‌ఫర్ రోజు సంగతి మరీ ఘోరం. ముందొకసారి, తర్వాత ఒకసారి రమ్మన్నారు. హాస్పిటల్ ఒకచోట, క్లినిక్ ఇంకోచోట. ట్రాన్స్‌ఫర్ కోసం నింపుకున్న బ్లాడర్‌తో మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, అన్ని రోజులు పడుకుని తగ్గించుకున్న టెన్షన్ అంతా తిరిగొచ్చింది. మావారైతే దారంతా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

నా రిజల్ట్ అడుగుతారని తెలుసు. ఆ ట్రాన్స్‌ఫర్ నిలవలేదు. అదే క్లినిక్‌లో పరిచయమైన ఒకావిడకి పాజిటివ్ వచ్చింది, నిండు మనసుతో సంతోషించాను. మా ఇద్దరి రిపోర్టులనీ చూసి సూదులు పనిచేశాయనో లేదనో తేల్చలేం, అందుకే ఆ 848 మంది లెక్క రాశాను.

మేడమ్ పనికి నాలుగు స్టార్లు. ఆ బోర్డు ఉన్నంతకాలం క్లినిక్‌కి రెండే. వచ్చే ఐవీఎఫ్ సైకిల్‌లో ఇంజెక్షన్ల రోజుల్లో మళ్లీ వెళ్తాను, నిద్ర కోసం. ట్రాన్స్‌ఫర్ రోజు మాత్రం హాస్పిటల్ నుంచి నేరుగా ఇంటికే.