కొలరాడో మంచు కొండలకు జనవరా, ఏప్రిలా?

డిసెంబరు వచ్చిందంటే డెన్వర్ చుట్టుపక్కల మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, స్నోషూలు కొన్నాం. బెర్తుడ్ పాస్ దగ్గర కొండెక్కుదామని ఉంది. జనవరిలో వెళ్లిపోమంటావా, ఏప్రిల్ దాకా ఆగమంటావా?" ఇది స్కీ రిసార్టు సంగతి కాదు. అక్కడ పొద్దున్నే మందుగుండు పేల్చి మంచు చరియల్ని ముందే దింపేసేవాళ్లు ఉంటారు. బయటి కొండల్లో ఆ పని చేసిపెట్టేవాళ్లు లేరు.

అందం ఒక్కటే చూస్తే జనవరికే ఓటు. దూదిలాంటి పొడి మంచు, నీలాకాశం. ఏప్రిల్‌లో ఆ మజా ఉండదు. తెల్లవారుజామున మూడింటికి లేవాలి, మంచు గాజుపెంకులా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి బురదవుతుంది.

కానీ నా లెక్కలో తేల్చేది పైన కనిపించే మంచు కాదు, అడుగున ఉన్నది. ఇక్కడ అక్టోబరు, నవంబరుల్లో మంచు పలచగా పడుతుంది. దాని కింద నేల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన రాత్రిపూట గాలి మైనస్ 20కి పోతుంది. అంత తేడాకి మధ్యలో ఉన్నది అడుగు, అడుగున్నర మంచు. నేల దగ్గర నుంచి ఆవిరి పైకి లేచి, ఆ మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడి పలుకులుగా మారిపోతాయి. గుప్పెట్లోకి తీసుకుని నొక్కి చూడండి, ఉండ కట్టదు. పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దాని మీద జనవరి తుఫానుల మంచు పలకలా బిగుసుకుంటుంది. ఏటవాలు నేల మీద ఆవాలు పోసి షాబాదు బండ పెట్టినట్టే. మనిషి బరువు చాలు అది జారడానికి.

రెండేళ్ల కిందట జనవరిలో, మంచు పడి పది రోజులైంది, ముగ్గురం చదునైన చోట నిలబడి ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాం. కాళ్ల కింద 'వుంఫ్' అని శబ్దం, అడుగున పంచదార పొర కూలింది. నిలబడ్డ మంచే ఒక అంగుళం కుంగింది, సన్నటి పగులు పొదల దాకా పాకింది. చదును కాబట్టి సరిపోయింది. టీ పారబోసి వెనక్కి వచ్చేశాం.

వాషింగ్టన్ రాష్ట్రం కొండల్లో అయితే మంచు తడిగా, మందంగా పడుతుంది. ప్రమాదం ఎక్కువగా తుఫాను రోజున, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు. ఇక్కడి పంచదార పొర వారాలు, ఒక్కోసారి నెలలు కాచుక్కూర్చుంటుంది. 2020-21 చలికాలంలో కొలరాడోలో 12 మంది మంచు చరియల కింద చనిపోయారు.

ఏప్రిల్ నెలాఖరుకి ఆ పొర చాలాచోట్ల పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మిగతా మంచుతో అతుక్కుంటుంది. ప్రమాదం పోదు కానీ దానికి టైమ్‌టేబుల్ వస్తుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి మంచు గడ్డకట్టిందా, తెల్లారేసరికి పైనుండాలి, పదకొండుకల్లా కిందికి దిగిపోవాలి. బూటు చీలమండ దాకా దిగబడుతుంటే ఆ రోజుకి చాలు. రాత్రంతా మబ్బు పట్టి గడ్డకట్టకపోతే మళ్లీ దుప్పటి కప్పుకోవడమే. జనవరిలో కంటికి కనపడనిదాన్ని ఊహించాలి, ఏప్రిల్‌లో గడియారం చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. నాకు అదే నచ్చుతుంది.

అయితే మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో వచ్చే తొలి ఎండల వారం మాత్రం వదిలేయండి. కరిగిన నీళ్లు మొదటిసారి ఆ పంచదార దాకా దిగేది అప్పుడే. ఏప్రిల్‌లో కొత్త మంచు పడితే మళ్లీ చలికాలం లెక్కే.

నవంబరు అంటారా? రాళ్లు, పంచదార. అంతే.

జనవరే కావాలనుకుంటే 30 డిగ్రీల లోపు వాలు మీదే తిరగండి, దాని పైన నిటారు కొండ లేకుండా చూసుకోండి. వాలు కొలవడానికి ఫోన్ చాలు. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ ఇచ్చే మంచు చరియల బులెటిన్‌లో 'కన్సిడరబుల్' అంటే ఐదు ప్రమాద స్థాయిల్లో మూడోది, అంటే మధ్యస్థమే కదా అని వెళ్లేవాళ్లు చాలామంది. ప్రాణాలు ఎక్కువగా పోయేది ఆ రోజుల్లోనే. బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. పూడుకుపోయిన మనిషిని పదిహేను నిమిషాల్లోపు తవ్వితీయాల్సింది పక్కనున్నవాళ్లే, కింద నుంచి ఎవరూ అంత త్వరగా రాలేరు.

మా బావమరిది డల్లాస్ నుంచి జనవరిలోనే వస్తానంటున్నాడు. వాడి కోసం ఇరవై డిగ్రీల వాలు ఒకటి చూసిపెట్టాను. "ఇంతేనా బావా?" అంటాడు, తెలుసు. మే మొదటి వారంలో మళ్లీ రావడానికి టికెట్ కూడా నేనే కొనిపెడతా.