అనుమానించి ఆపడమా, అందరినీ ఆపడమా: రోడ్డు తనిఖీల్లో ఏది మేలు?

రాత్రి బారికేడ్ల దగ్గర పోలీసు చెయ్యెత్తితే బండి ఆపాల్సిందే. అందులో వాదన లేదు. వాదనంతా ఆ చెయ్యి ఎవరికి ఎత్తాలి, ఎవరిని పోనివ్వాలి అన్న దగ్గరే. అక్కడున్న ఎస్సైకో కానిస్టేబుల్‌కో అనుమానం వచ్చినవాళ్లనే ఆపడం ఒక పద్ధతి. ఆ దారిన వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆపడం ఇంకో పద్ధతి. మొదటిదాంట్లో వివక్షకు చోటుందని, రెండోదాంట్లో అందరూ సమానమేనని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగమే నిజం. ఆ మిగతా సగం సంగతి తేలకుండా ఏది మేలో చెప్పలేం.

ముందు అనుమానం సంగతి. కొన్నేళ్లు రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబుల్ కంటికి ఒక నేర్పు వస్తుంది. నంబరు ప్లేటు వంచి ఉండటం, తాళం దగ్గర వైర్లు బయటికి వేలాడటం, బారికేడు కనబడగానే బండి వెనక్కి తిప్పడం వంటివి ఆ కన్ను వెంటనే పడుతుంది. గొలుసు దొంగలు, బైకు దొంగలు దొరికేది చాలాసార్లు ఇలాగే. ఆ నేర్పును కాదనేవాళ్లకు పోలీసు పని తెలియదనుకోవాలి. చిక్కల్లా అదే కన్ను బండిని వదిలి మనిషి గడ్డం మీద, ఒంటి రంగు మీద, చిరునామా మీద పడ్డప్పుడు వస్తుంది. చేసిన పనిని చూసి పుట్టిన అనుమానం వేరు, మనిషిని చూసి పుట్టిన అనుమానం వేరు. చట్టం మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. రోడ్డు మీద రెండూ ఒకే చెయ్యిగా లేస్తాయి.

ఈ తేడా అమెరికా సుప్రీంకోర్టుకు 1968లోనే తెలుసు. క్లీవ్‌లాండ్ నగరంలో కొందరు మనుషులు ఒక దుకాణం ముందు పదేపదే అటూ ఇటూ తిరుగుతూ లోపలికి తొంగిచూడటం ఒక డిటెక్టివ్ కంటపడింది. తడిమి చూస్తే తుపాకులు దొరికాయి. టెర్రీ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పు సారం ఇది: అరెస్టుకు సరిపడా ఆధారం లేకపోయినా ఆపవచ్చు, ఆయుధం ఉందన్న భయానికి కారణం ఉంటే పైపైన తడమవచ్చు, కానీ ఏం చూసి అనుమానం వచ్చిందో విడమరచి చెప్పగలగాలి, ఉత్త ఊహ చాలదు. మాట బాగుంది. నలభై ఏళ్ల తర్వాత న్యూయార్క్ వీధుల్లో ఆ మాట ఏమైందో ఫెడరల్ కోర్టులో బయటపడింది. 2004 జనవరి నుంచి 2012 జూన్ దాకా ఆ నగర పోలీసులు చేసిన ఆపివేతలు 44 లక్షలు. అందులో 52 శాతం మందిని ఒళ్లు తడిమారు. తడిమినవాళ్లలో ఆయుధం దొరికింది 1.5 శాతం దగ్గరే. ఆపిన వాటిలో 88 శాతం ఏ చర్యా లేకుండానే ముగిశాయి. ఆగినవాళ్లలో 83 శాతం నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు). నగర జనాభాలో వాళ్లిద్దరూ కలిపి సగానికి కాస్త ఎక్కువ.

అక్కడ కారణం రాసే ఫారం కూడా ఉండేది. కానీ అది టిక్కులు పెట్టే ఫారం. దొంగచూపులు, తత్తరపాటు అనే అర్థానికి ఒక గడి, నేరాలు ఎక్కువగా జరిగే ప్రాంతం అని ఇంకో గడి. ఎక్కువగా టిక్కులు పడినవి ఈ రెండింటికే. పోలీసును చూసి పేదవాడు తత్తరపడటం నేరానికి గుర్తా, పాత అనుభవానికి గుర్తా? గడిలో టిక్కు పెట్టడానికి ఆ ప్రశ్న వేసుకోనక్కర్లేదు. 2013 ఆగస్టులో జడ్జి షీరా షైండ్లిన్ ఆ తీరు రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చారు. 2011లో 6,85,724 ఉన్న ఆపివేతలు 2017కల్లా దాదాపు 11,600కు పడిపోయాయి. వీధులు రక్తసిక్తమవుతాయని భయపెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. 2011లో 515 హత్యలు జరిగిన నగరంలో 2017లో 292 జరిగాయి. ఆపడం మానేసినందుకే హత్యలు తగ్గాయని నేననను. అన్ని లక్షల మందిని గోడకు నిలబెట్టకపోతే నగరం బతకదన్న మాట మాత్రం నిలబడలేదు.

లండన్‌ది ఇంకాస్త పాత కథ. 1981 ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్ ప్రాంతంలో స్వాంప్ 81 అనే పేరుతో మఫ్టీ పోలీసులు కొద్ది రోజుల్లోనే 943 మందిని ఆపారు. అరెస్టయింది 118 మంది. అది సాగుతుండగానే, ఏప్రిల్ 10న అల్లర్లు మొదలయ్యాయి. వెనుక నిరుద్యోగం ఉంది, ఇళ్ల కొరత ఉంది, ఏళ్ల తరబడి పేరుకున్న అవమానం ఉంది. 1824 నాటి దేశదిమ్మరుల చట్టాన్ని పట్టుకుని, నేరం చేసేలా కనిపిస్తున్నాడన్న ఒక్క సాకుతో నల్ల కుర్రాళ్లను అప్పటిదాకా పట్టుకెళ్లేవారు. ఆ అల్లర్లపై లార్డ్ స్కార్మన్ విచారణ నివేదిక అదే ఏడాది నవంబరులో వచ్చింది. అనుమానపు అరెస్టుల ఆ సెక్షన్ కూడా అదే ఏడాది రద్దయింది.

ఇవన్నీ పరాయి దేశాల గొడవలని పక్కన పెట్టడానికి మనకు వీల్లేదు. మనిషిని పుట్టుకను బట్టి అనుమానించడం మన దగ్గర ఒకప్పుడు చట్టమే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టి హాజరు వేయించారు. 1952కల్లా దేశమంతటా ఆ చట్టం పోయింది. ఊరి పేరు చెబితే ఎదుటివాడి చూపు మారడం మాత్రం ఆ ఏడాదితో పోలేదు. రౌడీషీట్లు, హిస్టరీషీట్లు ఈ పాత పుస్తకానికి కొత్త పేజీలే. అణగారిన కులాలవాళ్లన్న ఒక్క కారణంతో అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించకూడదని 2024 మేలో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. హైదరాబాదు పాతబస్తీలో మిషన్ చబుత్రా పేరుతో రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తూ వచ్చారు. పిల్లలు చెడిపోకూడదన్న ఉద్దేశాన్ని నేను శంకించను, చాలామంది తల్లులు దాన్ని మెచ్చుకున్నారు కూడా. కానీ ఒకే గది ఇంట్లో ఆరుగురు ఉండే కుర్రాడికి అరుగే వరండా. అదే వయసు పిల్లలు రాత్రి కేఫ్‌లో కూర్చుంటే వాళ్లకోసం మిషన్ రాదు.

అందుకే రెండో పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది: ఎంచుకోవడమే వద్దు, అందరినీ ఆపుదాం. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఇది నిజంగానే బాగుంటుంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటిందా లేదా అన్నది తేల్చేది మిషను. ఆగాల్సింది ఒక నిమిషం. జేబులు తడమరు, పేరు విని మొహం చిట్లించే అవసరం ఉండదు. అమెరికా కోర్టులు కూడా గీత ఇక్కడే గీశాయి. ఏ కారణమూ లేకుండా ఒక్క కారును ఎంచి లైసెన్సు చూపమనడం చెల్లదని 1979లో, తాగి నడిపేవాళ్ల కోసం అందరినీ కాసేపు ఆపడం తప్పుకాదని 1990లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అదే బారికేడును మత్తుమందుల వేటకు వాడతామంటే 2000లో ఇండియానాపోలిస్ కేసులో కుదరదంది. రోడ్డు భద్రత కోసం అందరినీ ఆపడం ఒకటి, నేరస్థుణ్ణి వెతకడానికి అందరినీ వలలో వేయడం ఇంకొకటి.

డ్రంక్ అండ్ డ్రైవ్‌లో కూడా పోలీసు ఇష్టం పూర్తిగా మాయమవదు. టూవీలర్లు వరసగా ఆగుతుంటే పెద్ద కార్లు పక్కనుంచి జారిపోవడం చూడనివాళ్లు మన నగరాల్లో తక్కువ. దొరికాక బండి సంగతేమిటన్నది కూడా చాన్నాళ్లు పోలీసు దయ మీదే నడిచింది. తాగనివాళ్లు, లైసెన్సు ఉన్నవాళ్లు పక్కనుంటే బండి వాళ్లకు ఇవ్వాలని, లేకపోతే బంధువులనో మిత్రులనో వచ్చి తీసుకెళ్లనివ్వాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పాకే దానికొక రూపం వచ్చింది. ఇవి దిద్దుకోగల లోపాలు. ఈ ఒక్క పనికి మాత్రం అందరినీ ఆపడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

అదే సూత్రాన్ని బస్తీ మీద వాడితే కార్డన్ సెర్చ్ అవుతుంది. రాత్రో తెల్లవారుజామునో పెద్ద సంఖ్యలో పోలీసులు వచ్చి వీధి చివరలు మూసేస్తారు. ఇంటింటికీ వెళ్లి ఆధార్ అడుగుతారు, బండి కాగితాలు అడుగుతారు. ఎవరినీ వదలలేదు కాబట్టి వివక్ష లేదంటారు. మర్నాడు పేపర్లో వచ్చే వార్త మనందరికీ కంఠతా వచ్చు: సరైన పత్రాలు లేని ఇన్ని బైకులు, ఇన్ని ఆటోలు స్వాధీనం. వెతికింది నేరస్థుల కోసమైతే వార్తలో మిగిలేది ఎక్కువగా ఆర్సీ దొరకని కూలివాడి బండి. దీనికే కమ్యూనిటీ కాంటాక్ట్ అన్న పేరు కూడా పెట్టారు. నిద్రలేపి ఆధార్ చూపించమన్నవాడితో పరిచయం ఎలా పెరుగుతుంది?

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే సంగతి ఇక్కడుంది. ఈ పద్ధతిలో పోలీసు విచక్షణ ఎక్కడికీ పోలేదు. రోడ్డు మీది కానిస్టేబుల్ కంటినుంచి పై అధికారి గదిలోని మ్యాపు మీదికి మారింది, అంతే. ఏ బస్తీని చుట్టుముట్టాలో అక్కడ తేలుతుంది. గేటెడ్ కమ్యూనిటీలో, బంజారాహిల్స్ వీధుల్లో తెల్లవారుజామున అన్ని ఇళ్ల తలుపులూ కొట్టిన కార్డన్ సెర్చ్ ఎవరికైనా గుర్తుందా? కానిస్టేబుల్ తప్పుగా ఒకణ్ణి ఆపితే ఆ ఒక్కడికే అవమానం. ఆఫీసులో తప్పుగా ఒక బస్తీని ఎంచితే అక్కడ పెరిగే ప్రతి పిల్లవాడూ తమ వీధి పోలీసుల లెక్కలో ఏమిటో నేర్చుకుంటాడు. పైగా రోడ్డు మీద కనీసం ఫలానా ఆయన ఆపాడని చెప్పుకోవచ్చు, ఇక్కడ ఆ పేరు కూడా ఉండదు.

చట్టం దీన్ని ఊరికే ఒప్పుకోదు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 165, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్ష సంహితలో 185. దర్యాప్తులో ఉన్న అధికారి వారంటు లేకుండా సోదా చేయాలంటే, నమ్మకానికి కారణమేమిటో, దేనికోసం వెతుకుతున్నాడో ముందే కాగితం మీద పెట్టాలి. బస్తీలోని ప్రతి ఇంటికీ అలాంటి కారణం విడివిడిగా ఎవరు రాస్తారు? బ్రిటన్‌లో ఉగ్రవాద చట్టం సెక్షన్ 44 కింద ఏ అనుమానమూ లేకుండానే సోదా చేసే అధికారం ఉండేది. 2009-10లో దాని కింద లక్షకు పైగా సోదాలు జరిగితే ఉగ్రవాద నేరానికి ఒక్క అరెస్టూ లేదు. 2010 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ అధికారం వ్యక్తిగత జీవన హక్కుకు విరుద్ధమంది.

ఒళ్లు, జేబులు, సంచీ, ఫోను తనిఖీ చేయాలంటే మాత్రం అనుమానంతో ఆపడమే మేలు. అయితే న్యూయార్క్ టిక్కులతో కాదు, బ్రిటన్ 1984 నాటి చట్టంలో పెట్టిన షరతులతో: ఆపినాయన తన పేరు, స్టేషను చెప్పాలి, దేనికోసం వెతుకుతున్నాడో చెప్పాలి, కారణం రాయాలి, ఆగిన మనిషికి ఆ కాగితం అడిగి తీసుకునే హక్కుండాలి. దీంతో అక్కడ వివక్ష పోయిందా అంటే లేదు. నల్లజాతివాళ్లను ఆపే రేటు నేటికీ తెల్లవాళ్లకన్నా కొన్ని రెట్లు ఎక్కువే. ఆ సంగతి ఏటేటా దేశానికి తెలుస్తున్నది ఆ రికార్డుల వల్లే. పాతబస్తీలో గత ఏడాది ఎంతమందిని ఆపారో, ఎందుకు ఆపారో, ఏం దొరికిందో ఆ వివరాలతో మనం మాట్లాడుకోగలమా?

ఫోను విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో కుర్రాళ్లను ఆపి, గంజాయి అన్న మాట కోసం వాట్సాప్ చాట్లు వెతికిన వీడియోలు అందరం చూశాం. ఎవరినీ బలవంతపెట్టడం లేదు, వాళ్లే సహకరిస్తున్నారని అధికారులు చెప్పారు. లాఠీ చేతిలో ఉన్నాయన అడిగితే ఇచ్చినదాన్ని సమ్మతి అనడం అన్యాయం. స్కాట్లాండ్‌లో కూడా సమ్మతి పేరుతో చట్టాధారం లేని సోదాలు పిల్లలమీద సైతం సాగాయి. 2017 మేలో వాటిని పూర్తిగా ఆపేశారు. గోప్యత ప్రాథమిక హక్కని మన తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టులో చెప్పింది. గంజాయి కోసమే అయితే మత్తుమందుల కేసులకు వాడే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే సెక్షన్ 50 ఉంది. గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయమని అడిగే హక్కు నీకుందని ఒళ్లు వెతకబోయే ముందే చెప్పాలి, ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి. అమెరికా వెళ్లే మన పిల్లలకు సీనియర్లు పోలీసు ఆపితే కారు దిగకు, చేతులు స్టీరింగ్ మీదే పెట్టు అని జాగ్రత్తలు చెప్పి పంపుతారు. మెహదీపట్నంలో ఆపితే ఏం అడగవచ్చో మాత్రం ఎవరూ చెప్పరు.

కాగితం రాస్తూ కూర్చుంటే దొంగ పారిపోతాడన్నది పోలీసుల అభ్యంతరం. దానికి జవాబు మాడ్రిడ్ పక్కన ఫుఎన్‌లాబ్రాడాలో ఉంది. అక్కడి మున్సిపల్ పోలీసులు 2007-08లో కొన్ని నెలలపాటు, ఆపిన ప్రతి మనిషికీ కారణం రాసిన ఫారం ఇచ్చారు, ఆ లెక్కలు పై అధికారులతో, స్థానిక సంఘాలతో కూర్చుని చూశారు. నెలకు 950కి పైగా ఉన్న ఆపివేతలు 400 లోపుకు దిగాయి. ఏదో ఒక తప్పు బయటపడిన వాటి శాతం 6 నుంచి 17కు పెరిగింది. తక్కువమందిని ఆపి ఎక్కువమందిని పట్టుకున్నారు, ఎందుకంటే కారణం రాయాల్సి వచ్చినప్పుడు కారణం లేని ఆపివేతలు వాటంతటవే రాలిపోయాయి. మొరాకో నుంచి వచ్చినవాళ్ల మీద చూపిన తేడా బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

అక్కడ అది ఒక్క ఊళ్లో జరిగింది. ఇక్కడ పాతబస్తీలో ఒక స్టేషను, బంజారాహిల్స్‌లో ఒక స్టేషను తీసుకుని నాలుగు నెలలు అదే పని చేయవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, కమిషనర్ సర్క్యులర్ చాలు. సోదాలను వీడియో తీయాలని కొత్త సంహిత సెక్షన్ 105 ఎలాగూ చెబుతోంది. ఆ వీడియోతోపాటు తెలుగులో, ఉర్దూలో నాలుగు వరుసల స్లిప్పు ఇవ్వాలి. నెలాఖరున రెండు స్టేషన్ల లెక్కలూ పక్కపక్కన స్టేషన్ గోడమీద అంటించాలి.