ఊటీలో రెండు కార్పెట్లు, కూనూరులో ఒక జంపఖానా

ఆగస్టులో ఊటీ వద్దన్నారు అందరూ, వానలని. పిల్లల బొమ్మరైలు సరదా కోసం బయల్దేరాం. మేట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్లు, దాదాపు ఐదు గంటలు, కూనూరు దాకా ఆవిరి ఇంజను. రైలుకు వంక పెట్టలేను. వంకలన్నీ బసలోనే.

మొదటి హోటల్ ఊటీ బస్టాండు దగ్గర. తలుపు తీయగానే తడిసిన గోనెసంచి వాసన. గోడ నుంచి గోడ దాకా అతికించేసిన మెరూన్ కార్పెట్. మాది ఏలూరు. తివాచీ కనిపిస్తే మూల ఎత్తి వెనక ముడులు చూడటం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇది ఎత్తడానికి లేదు. బాత్రూమ్ గడప పక్కన టిష్యూ పేపరు పరిచి మడమతో గట్టిగా తొక్కాను. కాగితం తడిసింది! అంటే చెమ్మ అడుగున స్పాంజి దాకా దిగిందన్నమాట.

మేనేజరుగారికి చెబితే "క్లీన్ చేయిస్తాం మేడమ్" అని షాంపూ పెట్టించారు. మంచం పక్కనున్న టీ మరక కూడా పోయింది. తెల్లారేసరికి అదే చోట, అదే ఆకారంలో మళ్లీ తేలింది. మరక అడుగుదాకా ఇంకి ఉంటే అంతే. పైన ఆరేకొద్దీ కింది తడి దాన్ని పైకి తెస్తుంది. నీళ్లు ఎక్కువైతే మరీనూ. వాసన సంగతి సరేసరి. అత్తయ్యగారికి రాత్రంతా తుమ్ములు. పొద్దున్నే గది ఖాళీ చేశాం.

రెండోది దొడ్డబెట్ట దారిలో, రాత్రికి 3,600. గది పొడిగా ఉంది, వాసన లేదు. కానీ కిటికీ దగ్గర కార్పెట్ ముడతలు పడి, అత్తయ్యగారి కాలు తగులుకుంది. అదృష్టం, మంచం పట్టుకున్నారు. పరిచేటప్పుడు సరిగ్గా లాగి బిగించకపోతే వదులై ఇలా లేస్తుంది. మళ్లీ లాగి బిగిస్తేనే పోతుంది. అప్పటికి టీపాయ్ తెచ్చి ముడత మీద పెట్టాం.

గోడ వెంబడి నల్లటి గీత చూసి మావారు "ఊడవడమే లేదు వీళ్లు" అని ఫోనందుకున్నారు. ఆపాను. గోడకూ నేలకూ మధ్య సందులోంచి గాలి ఆడుతుంటే, అందులోని మసిని కార్పెట్ అంచు వడకట్టినట్టు పట్టేస్తుంది. ఊడిస్తే పోయేది కాదు. తలుపు దగ్గర నడిచే చోట ఒకవైపు నుంచి ముదురుగా, అవతలి నుంచి లేతగా కనిపించిందీ మురికి కాదు, నూగు వాలిన తీరు. అతుకు దగ్గర లేచిన పోగును మావాడు లాగబోతే మాత్రం చెయ్యి పట్టుకున్నాను. లాగితే వరుసంతా ఊడొస్తుంది, కత్తెరతో కత్తిరించాలి.

మూడో రాత్రి కూనూరులో హోమ్‌స్టే, 2,400. చెక్క నేల, మంచం పక్కన చిన్న జంపఖానా. పొద్దున్నే ఇంటావిడ దాన్ని దులిపి వరండా పిట్టగోడ మీద ఆరేశారు. గీజర్ లేదు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే. ఊటీలో ఉండక తప్పకపోతే రెండో హోటలే, అత్తయ్యగారికి కిటికీ వైపు మంచం మాత్రం ఇవ్వం.