‘ఆర్-10’ అని అమ్ముతున్న చల్లని పెట్టె కిట్ కొనేముందు పలక మందం కొలవండి

అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునే తెలుగు మిత్రులకు, ముఖ్యంగా టెక్సాస్ వంటి వేడి ప్రాంతాల వారికి, ఈ వేసవిలో నాకు జరిగిన నష్టం మీకు జరగకూడదని ఇది రాస్తున్నాను. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇక్కడ ఇద్దరు పెద్దలున్న ఇల్లు సొంత వాడకానికి ఏడాదికి 200 గాలన్ల వరకు పన్ను లేకుండా తయారుచేసుకోవచ్చు. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే అది ఎక్సైజు నేరం కనుక అక్కడివారు దయచేసి ఈ పనికి పూనుకోవద్దు.

డల్లాస్ శివారులో ఉన్న మా గ్యారేజీ జూలైలో 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. ఏల్ అనే రకం బీరును పులియబెట్టే ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు కావాలి. పైగా పులిసే మొదటి రెండు మూడు రోజుల్లో బీరే వేడిని పుట్టిస్తుంది. అందుకే రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, మూడడుగుల ఎత్తుతో నురుగు పలకల పెట్టె కట్టి, అందులో గడ్డకట్టిన గాలన్ నీటి డబ్బాలు పెట్టాలనుకున్నాను. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ముందే కోసిన పలకలు, మెరిసే రేకు అతికించిన బుడగల షీటు, జిగురు కలిపి ‘ఆర్-10’ కిట్ అని 140 డాలర్లకు అమ్ముతుంటే కొన్నాను. ప్రకటనలో ఆర్ విలువ (పలక వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, పెద్దదైతే మేలు) పెద్ద అక్షరాలతో ఉంది కానీ పలక మందం ఎక్కడా లేదు. నేను అక్కడే ఆగి అడగవలసింది.

వచ్చిన పలకలు ఒకే అంగుళం మందం. రెండు వైపులా రేకు ఉండటంతో లోపల ఏముందో కనిపించలేదు. వాళ్లిచ్చిన జిగురును అంచుకు పూసిన పది నిమిషాలకు ఆ అంచు చక్కెర తడిసినట్టు కుంగి, వేలు పట్టేంత గుంట పడింది. ఆ గుంటలో తెల్లని పూసలు కనిపించాయి. అది మామూలు థర్మోకోల్, అంగుళానికి దాదాపు ఆర్-4 మాత్రమే. ద్రావకం కలిసిన జిగురు దాన్ని కరిగించేస్తుంది. గులాబీ, నీలి రంగుల్లో దొరికే ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు పలక కూడా అంగుళానికి ఆర్-5 మాత్రమే ఇస్తుంది, పాలీఐసో అనే మరో రకం నురుగు ఆర్-6 వరకు ఇస్తుంది. ఇక మెరిసే రేకు పనిచేయాలంటే దాని ముందు గాలి ఖాళీ ఉండాలి, ఆ ఖాళీ లేకుండా అంటించేసిన రేకు చల్లదనాన్ని దాదాపు ఏమీ కాపాడదు.

లెక్క చూడండి. ఆ పెట్టె ఉపరితలం 32 చదరపు అడుగులు. బయట 38, లోపల 20 ఉన్నప్పుడు నిజమైన ఆర్-10 పలకలైతే రోజుకు రెండు గాలన్ డబ్బాల మంచు సరిపోతుంది. ఆర్-4 అయితే ఐదు కావాలి. నా దగ్గర ఉన్నవి నాలుగు, అందులో రెండు ఎప్పుడూ ఫ్రీజర్‌లో గడ్డకడుతూ ఉంటాయి. అయినా ఆ పలకలతోనే పెట్టె కట్టి బీరు పెడితే, రెండో రాత్రి పదకొండింటికి పాత్రకు అతికించిన థర్మామీటరు 27 చూపించింది. మూడు వారాల తరువాత మూత తీస్తే గోళ్ల రంగు తీసే మందు వాసన వచ్చింది. ఐదు గాలన్లూ పారబోశాను.

డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే, జిగురు పూసిన పలకలను వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు చెప్పారు, రేకును కలిపి చూస్తే ఆర్-10 అవుతుందని వాదించారు. అది నిజం కాదు. ఇళ్లకు అమ్మే ఇన్సులేషన్ ప్యాకెట్ మీద ఆర్ విలువ, మందం రెండూ ముద్రించాలని ఇక్కడ ఫెడరల్ నియమం ఉంది. ఏ ముద్రా లేని పలకలను కొనకండి. నేను తరువాత హార్డ్‌వేర్ దుకాణంలో ‘ఆర్-10’ అని పలక మీదే అచ్చువేసి ఉన్న రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు, నురుగును కరిగించదని ట్యూబు మీద రాసి ఉన్న జిగురు తెచ్చి మళ్లీ కట్టాను. ఇప్పుడు రెండు డబ్బాలతో 20 దాటడం లేదు.

ఆ ప్రకటన మాత్రం ఇంకా అలాగే నడుస్తోంది. ఇప్పటికే ఆ కిట్ తెప్పించుకున్నవారు జిగురు ట్యూబు తెరవకముందే పలక అంచును టేపుతో కొలిచి, ఫోటో తీసి, తిరిగి పంపే గడువు లోపల వెనక్కి పంపేయండి.