లోకల్ అసెంబుల్డ్ ఆంప్లిఫయర్: ఐదేళ్లు వాడాక

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సామాన్లతో ఒక లోకల్ అసెంబ్లర్ చేసిచ్చిన స్టీరియో ఆంప్లిఫయర్ ఇది. ఇంట్లో రోజూ మోగుతూ ఐదేళ్లు దాటింది. ఒక్కో ఛానెల్‌కి 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత, 35-0-35 వోల్టుల టోరాయిడల్ (గారెలా మధ్యలో బొక్క ఉండే) ట్రాన్స్‌ఫార్మర్, పవర్ సప్లైలో రెండు 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. ఇదే పవర్ ఉన్న కంపెనీ సెట్టుకు పెట్టాల్సిన డబ్బులో సగం కూడా అవలేదు.

సౌండ్ గురించి ఫిర్యాదు లేదు. పాత ఘంటసాల పాటల్లో గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది, బేస్ ఇల్లంతా ఊపకుండా బిగువుగా ఉంటుంది. వాల్యూమ్ సున్నాలో స్పీకర్‌కి చెవి ఆనించినా హమ్ వినిపించదు. 8 ఓమ్స్ స్పీకర్లతోనే వాడండి. ఛానెల్‌కి ఒక్క జతే ఉన్న ఆంప్లీకి 4 ఓమ్స్ తగిలించి గట్టిగా పెడితే ట్రాన్సిస్టర్లు ఎక్కువ కాలం బతకవు.

నన్ను ఏడిపించింది ఫ్యూజు. మొదట్లో స్విచ్ వేసిన క్షణంలో అప్పుడప్పుడు పోయేది. తీసి చూస్తే గాజు శుభ్రంగా ఉండి, మధ్యలో తీగ మాత్రం తెగి ఉండేది. టోరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ కాగానే ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, ఖాళీ కెపాసిటర్లు కూడా అప్పుడే నిండాలి. అందుకే ఆ క్షణపు పోటును ఓర్చుకునే స్లో బ్లో ఫ్యూజు ఉండాలి. ఇందులో వేసింది ఫాస్ట్ రకం. లోహపు మూత మీద సన్నటి అక్షరాల్లో ఉంటుంది: 'టీ' అంటే స్లో, 'ఎఫ్' అంటే ఫాస్ట్. రకం మార్చాక ఆ గొడవ తీరింది.

కొన్నాళ్లకు అసలు గొడవ మొదలైంది. ఈసారి ఫ్యూజు గాజు లోపలంతా నల్లగా మాడి, వెండి పూత పూసినట్టు మెరుస్తోంది. అంటే ఎక్కడో నేరుగా షార్ట్. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే శుభ్రంగా పాడేది, ఇంటికి తెస్తే ఠప్! "నా దగ్గర మధ్యాహ్నమంతా మోగింది సార్, మీ ఇంట్లో కరెంటే బాలేదు" అన్నాడాయన. పక్కింటాయనైతే ఫ్యూజు తీసేసి రాగి తీగ చుట్టెయ్యమన్నారు. అలా చేస్తే ఫ్యూజుకు బదులు ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది, లేదా ఇల్లే అంటుకుంటుంది.

చివరికి సిరీస్ బల్బు పెట్టాం. పాత ఫిలమెంట్ బల్బు, 100 వాట్లది, ఆంప్లీకి వెళ్లే ఫేజు వైరులో వరసగా కలపాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల అంతా బాగుంటే బల్బు ఒక్కసారి వెలిగి మసకబారుతుంది, షార్ట్ ఉంటే పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటుంది, ఫ్యూజు మాత్రం పోదు. మాది వెలిగి మసకబారింది. ట్రాన్సిస్టర్లు, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ మల్టీమీటర్‌లో బాగానే ఉన్నాయి. ట్రాన్సిస్టర్ పోతే స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కనిపించే డీసీ కూడా లేదు.

తర్వాత పై మూత బిగించి చెక్క స్కేలుతో మధ్యలో నొక్కితే బల్బు భగ్గున వెలిగింది, ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది.

అసలు దొంగ ఎవరంటే, ట్రాన్స్‌ఫార్మర్‌ను నడుమ బొక్కలోంచి బిగించే బోల్టు. అవసరానికి మించి పొడుగున్న ఆ బోల్టు కొస పైమూతకు తగులుతోంది. కింద అది ఎలాగూ ఛాసిస్‌కే (ఇనుప పెట్టెకే) బిగించి ఉంది. బోల్టు, మూత, పక్క రేకు, అడుగు రేకు కలిసి ట్రాన్స్‌ఫార్మర్ కోర్ (లోపలి ఇనుప రింగు) చుట్టూ ఒక్క చుట్టు సెకండరీ, అంటే కరెంటు బయటికిచ్చే వైపు తీగచుట్ట, అయిపోయింది, అదీ షార్ట్ అయిన చుట్టు. ఆ చుట్టులో పుట్టేది వోల్టులో కొంత భాగమే, కానీ అంత మందపాటి లోహానికి నిరోధం ఎంతని ఉంటుంది? కరెంటు విపరీతంగా పారి ప్రైమరీ (మెయిన్స్ వైపు) ఫ్యూజును కొట్టేస్తుంది. మూత పల్చటి రేకు కాబట్టి ఇంట్లో దాని మీద సెట్‌టాప్ బాక్స్ పెట్టగానే వంగి బోల్టుకు తగిలేది. మెకానిక్ మూత తీసే పరీక్షించేవాడు, ఆయనకెలా కనిపిస్తుంది?

బోల్టు కోయించి, మూత లోపల ఫైబర్ షీటు అతికించాం. అప్పటి నుంచి ఫ్యూజు పోలేదు. అదే చేత్తో విప్పి చూస్తే ఒక 5200 కింద, దాన్ని హీట్ సింక్‌కు తగలకుండా ఆపే మైకా షీటు పగిలి ఉంది. ఆ ట్రాన్సిస్టర్ వెనక లోహం కలెక్టరే (దాని మూడు కాళ్లలో ఒకటి), దాదాపు 50 వోల్టులు ఉంటాయి. హీట్ సింక్‌కు తగిలితే మళ్లీ అదే కథ. కాబట్టి నా లెక్కలో సర్క్యూట్‌కి మంచి మార్కులు, ఫిట్టింగుకి తక్కువ. ఇలాంటిది కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే మూత తీయించి బోల్టు ఎత్తు, మైకా, ఫ్యూజు మీది అక్షరం చూడండి. ఇంట్లో మీరే విప్పితే ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది, పది నిమిషాలు ఆగి మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి.

ఇప్పుడు మిగిలింది వాల్యూమ్ పాట్ (నాబ్ వెనక తిరిగే భాగం) గరగర ఒక్కటే. క్లీనర్ కొడితే కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తోంది, మార్పించాలి.