గ్రామర్ స్కూలా, ఊళ్లోని కాంప్రిహెన్సివా? ఇంగ్లాండ్‌లోని తెలుగు తల్లిదండ్రులకు ఏది మేలు

పిల్లలు ఇయర్ 4లోకి, అంటే ఎనిమిదేళ్లకు, వచ్చేసరికి ఇంగ్లాండ్‌లోని తెలుగు కుటుంబాల్లో ఒక ప్రశ్న మొదలవుతుంది: "మీరు ఎలెవెన్ ప్లస్‌కి ప్రిపేర్ చేయిస్తున్నారా?" స్లౌలోనైనా, రెడింగ్‌లోనైనా, హారోలోనైనా ఇదే మాట. చేయించకపోతే పిల్లల భవిష్యత్తుని మన చేతులతో మనమే పాడుచేస్తున్నామేమోనని భయం. చేయిస్తే పదేళ్లు కూడా నిండని పసివాళ్ల మీద ఇంత బరువేమిటని బాధ. రెండిట్లోనూ నిజం ఉంది. అయితే ఈ టెన్షన్‌లో చాలామంది పోల్చకూడని వాటిని పోల్చి నిర్ణయం తీసుకుంటున్నారు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది అదే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. గ్రామర్ స్కూల్ ప్రైవేటు బడి కాదు. ఫీజు లేని ప్రభుత్వ సెకండరీ స్కూలే, కాకపోతే ఎలెవెన్ ప్లస్ అనే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటుంది. 1944 విద్యా చట్టం తర్వాత దేశమంతటా ఈ పద్ధతి స్థిరపడింది. పదకొండేళ్లకే పిల్లల్ని రెండుగా విడదీయడం అన్యాయమన్న వాదన బలపడి, 1965లో లేబర్ ప్రభుత్వం పరీక్ష లేని కాంప్రిహెన్సివ్ బడులకు మారమని స్థానిక సంస్థలను కోరింది. 1998 చట్టంతో కొత్త గ్రామర్ స్కూళ్లు పెట్టడమే నిషేధమైంది. 2016లో థెరిసా మే ఆ నిషేధం ఎత్తేస్తానన్నారు కానీ మరుసటి ఏడాది ఎన్నికల తర్వాత ఆ మాట మూలపడింది. ఇప్పుడు ఇంగ్లాండ్ మొత్తంలో మిగిలినవి 163. ప్రభుత్వ సెకండరీ పిల్లల్లో దాదాపు ప్రతి ఇరవై మందిలో ఒకరు వీటిలో చదువుతున్నారు. స్కాట్లాండ్‌లో, వేల్స్‌లో ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లు లేవు.

ఇక అసలు పోలిక. అందరూ ముందు చూసేది ఫలితాలు. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో ఎనిమిది సబ్జెక్టుల మార్కులు కలిపి అటైన్‌మెంట్ 8 అనే లెక్క వేస్తారు, గరిష్ఠం 90. ప్రభుత్వ బడుల సగటు 46 దగ్గర ఉంటే, గ్రామర్ స్కూళ్ల సగటు 70 దాటుతుంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే ఎవరికైనా గుండె ఆగుతుంది. కానీ ఈ తేడాలో చాలా భాగం బడి తెచ్చింది కాదు, పిల్లలు పరీక్ష రాసి లోపలికి వచ్చేటప్పుడు తమతో తెచ్చుకున్నదే. మన దగ్గర కూడా కార్పొరేట్ కాలేజీలో వడపోసి తీసిన సెక్షన్‌కి వచ్చిన ర్యాంకుల్ని చూసి, ఆ కాలేజీలో చేరితే మనవాడికీ అదే ర్యాంకు వస్తుందని అనుకుంటాం కదా. ఇదీ అలాంటిదే.

మరి సమానంగా పోలిస్తే? 2016లో ఎడ్యుకేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఆ పని చేసింది. పిల్లల పాత మార్కులు, కుటుంబ పరిస్థితి లెక్కలోకి తీసుకున్నాక గ్రామర్‌లో చదివినవాళ్లకు ఒక్కో సబ్జెక్టులో గ్రేడులో సుమారు మూడో వంతు లాభం కనిపించింది. అదీ చుట్టూ గ్రామర్ సీట్లు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. అదే తెలివైన పిల్లలు బాగా నడిచే కాంప్రిహెన్సివ్ బడిలో చదివితే వాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడాయే లేదు. 2018లో డర్హమ్ యూనివర్సిటీ పరిశోధకులు కూడా, చేరే పిల్లల నేపథ్యాన్ని లెక్కలో వేస్తే గ్రామర్ స్కూళ్లు మిగతావాటి కన్నా మెరుగేమీ కాదని తేల్చారు.

దీన్ని మీ ఊరి బడులకు మీరే అన్వయించి చూసుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రతి స్కూలు పేజీలోనూ ప్రైమరీ చివర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫలితాలను విడిగా ఇస్తారు. గ్రామర్ స్కూల్లో దాదాపు అందరూ ఆ వర్గమే. కాబట్టి మీ దగ్గరి కాంప్రిహెన్సివ్‌లోని ఆ వర్గాన్ని తీసుకుని గ్రామర్‌తో పోల్చండి. మొత్తం స్కూలు సగటును మాత్రం పోల్చకండి. ఒక జాగ్రత్త: కొవిడ్ వల్ల 2020, 2021లలో ప్రైమరీ పరీక్షలు జరగలేదు కాబట్టి, పిల్లల ఎదుగుదలను కొలిచే ప్రోగ్రెస్ 8 లెక్క 2025, 2026 బ్యాచ్‌లకు లేదు. 2023, 2024 అంకెలు చూడండి.

ఆ అంకెల్లో ఆశ్చర్యాలు ఉంటాయి. 2022 నుంచి 2024 వరకు వరుసగా మూడేళ్లు ప్రోగ్రెస్ 8లో దేశంలోనే మొదటి స్థానం వెంబ్లీలోని మైకేలా కమ్యూనిటీ స్కూల్‌ది. అక్కడ ప్రవేశ పరీక్ష లేదు. క్రమశిక్షణ చాలా కఠినంగా ఉంటుంది, అది అందరికీ నచ్చకపోవచ్చు. కానీ ఎంపిక చేసుకోకుండా తీసుకున్న పిల్లలతో కూడా ఇంత చేయొచ్చని చూపించింది.

ఇంతవరకు చదివి "అయితే కాంప్రిహెన్సివే మేలన్నమాట" అనుకోకండి. మీరు ఏ కౌంటీలో ఉన్నారన్నదాన్ని బట్టి జవాబు పూర్తిగా తిరగబడుతుంది. ఈ విషయం గురించి మన వాళ్లలో తక్కువ మాట్లాడుకుంటారు.

కెంట్‌లో 32 గ్రామర్ స్కూళ్లు, బకింగ్‌హామ్‌షైర్‌లో 13 ఉన్నాయి. అక్కడ పాత పద్ధతి ఇంకా పూర్తిగా నడుస్తోంది. ఆ జిల్లాల్లో చదువులో ముందున్న పిల్లల్లో చాలామంది గ్రామర్‌కి వెళ్లిపోతారు కాబట్టి, మిగిలిన బడిని నిజంగా కాంప్రిహెన్సివ్ అనలేం. పై సెట్లలో, అంటే మార్కుల్ని బట్టి విడదీసిన గ్రూపుల్లో, పిల్లలు పలచబడతారు. ట్రిపుల్ సైన్స్‌కి (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ విడివిడిగా చదవడం), ఏ లెవెల్ (జీసీఎస్ఈ తర్వాతి రెండేళ్ల చదువు) ఫర్దర్ మ్యాథ్స్‌కి సరిపడా గ్రూపు తయారు కావడం కష్టమవుతుంది. ఎయిల్స్‌బరీలోనో హై వికమ్‌లోనో ఉంటూ, చదువు మీద ఆసక్తి ఉన్న పిల్ల మీకుంటే నేను మొహమాటం లేకుండా గ్రామర్ అనే చెబుతాను. పైగా బకింగ్‌హామ్‌షైర్‌లో ప్రభుత్వ ప్రైమరీలో చదివే పిల్లలు, తల్లిదండ్రులు వద్దంటే తప్ప, వాళ్లంతట వాళ్లే పరీక్షకు నమోదవుతారు. 121 స్కోరు వస్తే అర్హత. ఆ తర్వాత సీటు ఎక్కువగా ఇంటి దూరం, క్యాచ్‌మెంట్ (బడి ముందుగా చోటిచ్చే చుట్టుపక్కల ప్రాంతం) మీద ఆధారపడుతుంది.

రెడింగ్ సంగతి వేరు. అక్కడ అబ్బాయిలకు రెడింగ్ స్కూల్, అమ్మాయిలకు కెండ్రిక్, ఈ రెండే గ్రామర్లు. చుట్టుపక్కల విశాలమైన ప్రాంతం నుంచి కొద్దిమందినే తీసుకుంటాయి. అందువల్ల లోయర్ ఎర్లీ, వోకింగ్‌హామ్ వైపు కాంప్రిహెన్సివ్ బడుల్లో తెలివైన పిల్లలు బోలెడంతమంది మిగులుతారు. సీటు రాకపోతే పోయేదేమీ లేదని ధైర్యంగా చెప్పగలిగే చోటు అది. స్లౌ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. చిన్న ఊళ్లో నాలుగు గ్రామర్లు, నాలుగిటికీ ఒకే పరీక్ష, 111 స్కోరు వస్తే అర్హత. అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, ఒక్కో బడికి ఒక్కో నియమావళి ఉంటుంది.

ఇక లండన్. బార్నెట్‌లోని క్వీన్ ఎలిజబెత్స్ స్కూల్ లాంటివాటిలో క్యాచ్‌మెంట్ లేదు, స్కోరు వరుసలో సీట్లు. ఒక్కో సీటుకి పదిమందికి పైగా పోటీ. కింగ్‌స్టన్‌లో టిఫిన్, సటన్‌లో విల్సన్స్, నాన్‌సచ్ లాంటి చోట్ల రెండు దశల పరీక్షలు. వీటిలో తృటిలో సీటు పోయిన పిల్ల ఏ లెక్కన చూసినా తెలివైన పిల్లే. దాన్ని ఫెయిల్ అని పిలవడం ఘోరం. ఇంట్లో ఆ మాట వాడకండి.

ప్రవేశాల దగ్గర ఇంకో కటిక నిజం ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ జెరిమ్, శామ్ సిమ్స్ 2018లో చేసిన అధ్యయనంలో, గ్రామర్ పద్ధతి ఉన్న ప్రాంతాల్లో ట్యూషన్ చెప్పించుకున్న పిల్లల్లో సుమారు 70 శాతానికి సీటు వస్తే, చెప్పించుకోని వాళ్లలో 14 శాతానికే వచ్చింది. ట్యూషన్ పెట్టించే ఇళ్లలో చదువు వాతావరణం ముందే ఉంటుంది కాబట్టి ఈ తేడా మొత్తం ట్యూషన్ మహిమ అనలేం. అయినా చిన్న తేడా కాదు. అందుకే పేద పిల్లలు గ్రామర్లలో కనిపించరు. ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలు 2016 నాటికి అన్ని ప్రభుత్వ సెకండరీ బడుల్లో 13 శాతం దాకా ఉంటే, గ్రామర్లలో రెండున్నర శాతమే. మన నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశాలకు కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే అన్న నియమం మొదటి నుంచీ ఉంది. బర్మింగ్‌హామ్‌లోని కింగ్ ఎడ్వర్డ్ గ్రామర్లు 2020 ప్రవేశాల నుంచి పేద పిల్లలకు ముందు వరుసలో చోటిస్తున్నాయి. మిగతావాళ్లు కూడా ఆ దారిలో ఇంకా చాలా దూరం రావాలి. ఫీజు లేని ప్రభుత్వ బడికి ట్యూషన్ ఫీజు ఒక అడ్డుగోడ కావడం నాకు మింగుడు పడదు. ట్యూషన్ కొనగలిగిన మనం ఇది గుర్తుపెట్టుకోవాలి.

ప్రిపరేషన్ ఎంత చేయించాలి? ఇయర్ 5 మొదలు నుంచి ఒక ఏడాది, వారానికి కొన్ని గంటలు చాలు. లెక్కలు ప్రైమరీ సిలబస్‌లోనివే, మన పిల్లలు సాధారణంగా వాటికి జంకరు. ఆగిపోయేది ఇంగ్లీష్ పదసంపద దగ్గర, వెర్బల్ రీజనింగ్ (మాటలతో ఇచ్చే తర్కం ప్రశ్నలు) దగ్గర. దానికి మాక్ టెస్టుల కన్నా లైబ్రరీ పుస్తకాలు ఎక్కువ పనికొస్తాయి. ఇయర్ 2 నుంచే కోచింగ్‌లో వేయడం, శనాదివారాలు రెండు పూటలా టెస్టులు పెట్టించడం వద్దు. అంత తొక్కితేనే అందే సీటయితే, లోపలికి వెళ్లాక ఏడేళ్లు ఆ తొక్కుడు ఆపడానికి వీలుండదు. ప్రైమరీలో ఎప్పుడూ ముందుండే పిల్లలు గ్రామర్లో తరగతి మధ్యలోనో చివర్లోనో పడతారు. కొందరికి అది ఉత్సాహం. కొందరు "నాకు లెక్కలు రావు" అని అక్కడే ముడుచుకుపోతారు, బయట బడిలోనైతే వాళ్లే టాప్ సెట్‌లో ఉండేవాళ్లు. మీ పిల్ల ఏ రకమో మీకన్నా బాగా ఎవరికీ తెలియదు.

దూరం కూడా లెక్క వేయండి. పోనూ రానూ రోజుకు రెండున్నర గంటలు రైల్లో గడిపే పిల్లలకు ఆట, స్నేహితులు, నిద్ర అన్నీ తగ్గుతాయి. లండన్‌లో పదహారేళ్ల లోపు పిల్లలకు బస్సు ఉచితం. ఇతర చోట్ల కౌన్సిల్ ఉచిత ప్రయాణం మామూలుగా దగ్గరి తగిన బడి మూడు మైళ్లు దాటితేనే ఇస్తుంది, మీరు ఎంచుకున్న దూరపు గ్రామర్‌కి ఆ ఖర్చు మీదే. నా లెక్కలో ఒక వైపు ముప్పావు గంట దాటితే ఆ బడి ఎంత గొప్పదైనా వదులుకోవచ్చు.

ప్రైవేటు గురించి ఒక్క మాట చాలు. 2024లో డే స్కూలు సగటు ఫీజు ఏడాదికి 18 వేల పౌండ్లు, 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం వ్యాట్. ఇద్దరు పిల్లలున్న మధ్యతరగతి ఇంటికి అది కుదిరే పని కాదు. గ్రామర్ రాలేదన్న పంతంతో అప్పు చేసి అటు వెళ్లకండి.

చాలామంది మరిచిపోయే రెండో తలుపు పదహారేళ్ల దగ్గర ఉంది. గ్రామర్లు ఇయర్ 12లో జీసీఎస్ఈ గ్రేడ్లు చూసి బయటి పిల్లల్ని తీసుకుంటాయి. పరీక్ష లేని బడులకు అనుబంధంగా గట్టి సిక్స్త్ ఫామ్‌లు (ఇయర్ 12, 13 తరగతులు) కూడా ఉన్నాయి. ఈస్ట్ హామ్‌లోని బ్రాంప్టన్ మేనర్ నుంచి 2021లో 55 మందికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఆఫర్లు వచ్చాయి, ఆ ఏడాది పేరున్న ప్రైవేటు బడి ఈటన్‌ని మించి. తెలుగు, తమిళ కుటుంబాలు దట్టంగా ఉండే పేట అది. మెడిసిన్, ఇంజనీరింగ్ దరఖాస్తులకు ఏ లెవెల్స్ రెండేళ్లే కీలకం. పదేళ్లప్పుడు పట్టాలెక్కని పిల్ల పదహారుకి పరుగెత్తడం ఈ దేశంలో మామూలు విషయం.

కాబట్టి నన్నడిగితే: కెంట్, బకింగ్‌హామ్‌షైర్‌లలో అయితే గ్రామర్‌కి గట్టిగా ప్రయత్నించండి. స్లౌలో అయితే ప్రయత్నించండి, పక్కనున్న మంచి కాంప్రిహెన్సివ్‌ని కూడా మనస్ఫూర్తిగా చూసి రండి. రెడింగ్‌లో, లండన్‌లో అయితే ఒక ఏడాది సరదాగా సిద్ధం చేయించి పరీక్ష రాయించండి, ఇల్లు మాత్రం మంచి కాంప్రిహెన్సివ్ దగ్గరే తీసుకోండి. ఓపెన్ డే రోజు అడగాల్సినవి రెండే: ట్రిపుల్ సైన్స్ ఎంతమంది చేస్తున్నారు, టాప్ సెట్‌లోకి ఏడాది మధ్యలో మారే వీలుందా. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇయర్ 5లో వచ్చిన పిల్లలనైతే ఈ పరీక్షకు తోయకండి. భాష, చలి, కొత్త స్నేహితులు, వాళ్ల చేతిలో ఇప్పటికే చాలా పని ఉంది. కొన్ని గ్రామర్లలో ఖాళీలు వస్తే ఇయర్ 8, 9లలో కూడా పరీక్ష పెడతారు.

ఫారం నింపేటప్పుడు ఒక భయం అక్కర్లేదు. పరీక్ష సెప్టెంబర్‌లో, చాలాచోట్ల ఫలితం అక్టోబర్ మధ్యలో, కౌన్సిల్ ఫారానికి గడువు అక్టోబర్ 31, సీటు తెలిసేది మార్చి 1న. మీరు ఏ బడిని ఎన్నో నంబరులో పెట్టారో బడులకు తెలియదు. గ్రామర్‌ని మొదట పెట్టినందుకు రెండో నంబరు కాంప్రిహెన్సివ్‌లో మీ అవకాశం తగ్గదు. నిజంగా ఇష్టమైన వరుసలోనే రాయండి. చివర్లో మాత్రం దూరం ప్రకారం తప్పకుండా వచ్చే బడి ఒకటి ఉండేలా చూసుకోండి. అది లేకపోతే ఖాళీ ఉన్న ఏదో ఒక బడికి, ఊరి అవతలికైనా, కౌన్సిల్ పంపేస్తుంది.