శాంసంగ్ 870 ఈవో 500 జీబీ ఎస్ఎస్‌డీ: ఆషాఢంలో బిగించి కార్తీకం దాకా వాడాక

మాది నెల్లూరు, మూలాపేట. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లోనే డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఉత్తరక్రియల కార్డులు, పరీక్షలప్పుడు స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఫ్లెక్సీలు. అంతా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌ సాఫ్ట్‌వేర్‌లో. ఫ్లెక్సీలకు కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్. నా సిస్టమ్ ఎనిమిదో తరం ఐ3, అందులో 1 టీబీ హార్డ్ డిస్క్. పొద్దున స్విచ్ వేసి, వాకిట్లో నీళ్లు చల్లి, ముగ్గేసి వస్తే గానీ అది పనికి సిద్ధమయ్యేది కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో పార్టీ పక్కన కూర్చుని ఉండగా కోరల్ డ్రా తెరుచుకోక తిరుగుతూ ఉంటే ప్రాణం విసిగిపోయేది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, శుభలేఖల పనీ ఉండదు. ఆ ఖాళీలో ఈ ఎస్ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్కు బదులు పెట్టుకునే, చిప్పుల మీద నడిచే వేగమైన డ్రైవ్, కొని, విండోస్ 11 వేసి, పార్టిషన్లు (డిస్కును సీ, డీ అని విడదీసే భాగాలు) కూడా నేనే చేసుకున్నాను. శ్రావణం సీజన్ మొత్తం దీని మీదే నడిచింది. ఇప్పుడు కార్తీకం. ఐదు నెలలు వాడాక రాస్తున్నాను.

షాపులో ఇచ్చి చేయించుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఎందుకు ఇవ్వలేదో ముందు చెప్పాలి.

ఐదేళ్ల కిందట విండోస్ లేవకపోతే సీపీయూ తీసుకెళ్లి ఒక షాపులో ఇచ్చాను. "సీ మాత్రమే ఫార్మాట్ చేయండి, డీలో నా పని ఉంది, దాన్ని ముట్టుకోవద్దు" అని రెండుసార్లు చెప్పి వచ్చాను. సాయంత్రం వెళ్తే "మొత్తం తీసేసి నీట్‌గా నాలుగు పార్టిషన్లు చేశాం మేడమ్" అన్నారు. నిలబడ్డ చోటే కాళ్లు చల్లబడ్డాయి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని ఫైళ్లు వచ్చాయి గానీ ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ వరస నెంబర్లే. అను ఫాంట్లతో పని చేసేవాళ్లకు దీని అర్థం తెలుస్తుంది. మనం తెరమీద చూసేది తెలుగు, ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. "వెంకటేశ్వర్లు" అని వెతికితే దొరకదు. ఫైలు పేరు పోయిందంటే ఒక్కొక్కటీ తెరిచి చూడటమే దిక్కు. ఆ నెలలోనే ఒకామె వచ్చి "పెద్దమ్మాయికి చేసిచ్చారే, అదే కార్డు చిన్నదానికి కూడా కావాలమ్మా, అదే వినాయకుడు, అదే పద్యం" అంది. నా దగ్గర లేదు. వాళ్లింట్లో దాచుకున్న పాత కార్డు తెప్పించుకుని, దాన్ని చూసి మళ్లీ మొదటినుంచి కొట్టాను. అప్పటినుంచి నా డిస్కును నేను తప్ప ఎవరూ ఫార్మాట్ చేయకూడదని పట్టుబట్టాను.

అది హార్డ్ డిస్క్ కాబట్టి ఆమాత్రమైనా దక్కింది. ఎస్ఎస్‌డీలో ఆ ఆశ కూడా పెట్టుకోకూడదు. హార్డ్ డిస్కును క్విక్ ఫార్మాట్ చేస్తే పైనున్న పట్టిక మాత్రం పోతుంది, దాని మీద కొత్తది రాసేదాకా లోపలి సరుకు అలాగే ఉంటుంది. ఎస్ఎస్‌డీని ఫార్మాట్ చేస్తే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది. "ఈ చోట్లన్నీ ఇక అక్కర్లేదు" అని చెప్పడం అన్నమాట. డ్రైవ్ తన తీరిక చూసుకుని వాటిని నిజంగానే తుడిచేస్తుంది. వేగం తగ్గకుండా ఉండాలంటే అలా తుడవాల్సిందే, అది దాని స్వభావం. అందుకే ఎస్ఎస్‌డీ కొనేవాళ్లు రేటుకంటే ముందు ఆలోచించాల్సింది బ్యాకప్ గురించి.

ట్రంక్ రోడ్డులో బిల్లు తీసుకుని కొన్నాను. ఐదు వేలకు కాస్త తక్కువ పడింది. అంతకంటే చౌకగా పేరులేని "2 టీబీ" డ్రైవులు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. లోపల చిన్న చిప్పు పెట్టి, బయటికి పెద్ద సైజు చూపించే నకిలీలు వాటిలో ఉంటాయి. వాటి జోలికి పోవద్దు. దీనికి 5 ఏళ్ల వారంటీ, లేదా 300 టీబీ రాత (అంటే డ్రైవ్ మీద మొత్తం అంత డేటా రాసేదాకా), ఏది ముందైతే అది. పెట్టెలో డ్రైవ్, చిన్న పుస్తకం ఉంటాయి. డ్రైవ్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ విడిగా తెచ్చుకోవాలి. ఇది రెండున్నర అంగుళాలది. డెస్క్‌టాప్ గూడేమో మూడున్నర అంగుళాలది. బ్రాకెట్ కూడా అప్పుడే అడిగి తీసుకుంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

మా ఆడపడుచు కొడుకు బెంగళూరులో ఉద్యోగం. వాట్సాప్ వీడియో కాల్‌లో వాడు చూస్తూ ఉంటే నేను చేశాను. వాడు చెప్పిన మొదటి మాట, ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన మాట ఇది:

"అత్తా, ముందు పాత హార్డ్ డిస్క్ వైరు పీకెయ్. కొత్తది ఒక్కటే ఉండాల."

"ఎందుకు నాయనా, రెండూ ఉంటే ఏమవుద్ది?"

"రెండుంటే డిస్క్ 0, డిస్క్ 1 అని చూపిస్తది. టెన్షన్‌లో ఒకదానికి బదులు ఇంకోటి నొక్కావనుకో, అయిపాయ. ఒకటే ఉంటే తప్పు చేద్దామన్నా చేయలేవు."

ఇంకో కారణం కూడా వాడే చెప్పాడు. పాత డిస్క్ తగిలించి ఉంటే ఒక్కోసారి విండోస్ కొత్త డ్రైవ్‌లో పడి, అది లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు మాత్రం పాత డిస్కులోకి పోతాయట. ఆ తర్వాత ఎప్పుడో పాత డిస్క్ తీసేస్తే కొత్తది లేవదు. వైరు పీకడానికి అర నిమిషం కూడా పట్టదు. కరెంటు తీసి, పాత డిస్కు సాటా వైరు, పవర్ వైరు రెండూ లాగి పక్కన పెట్టాను. గుండె కుదుటపడింది.

పెన్‌డ్రైవ్‌లో విండోస్ సిద్ధం చేసుకుని సిస్టమ్ దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ రెండు సార్లు కనిపించింది. ఒకదానికి ముందు "యూఈఎఫ్ఐ" అని ఉంది, రెండోది ఉత్త పేరు. యూఈఎఫ్ఐ అంటే సిస్టమ్‌ను లేపే కొత్త పద్ధతి, ఉత్త పేరుది పాత పద్ధతి. నేను ఉత్త పేరు నొక్కాను. అంతా బాగానే సాగి, చివరికి ఈ డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది, దీనిమీద విండోస్ వేయడం కుదరదని మొండికేసింది. డ్రైవ్ పాడైందేమో అని భయం వేసింది. డ్రైవ్‌లో ఏ లోపమూ లేదు. ఎంబీఆర్, జీపీటీ అనేవి డిస్కులో పార్టిషన్ల లెక్క రాసుకునే రెండు పద్ధతులు. ఎంబీఆర్ పాతది, నాలుగు ప్రైమరీ పార్టిషన్లు, 2 టీబీ వరకే. జీపీటీ కొత్తది, విండోస్‌లో 128 పార్టిషన్ల దాకా చేసుకోవచ్చు, యూఈఎఫ్ఐతో జత. ఎలా బూట్ చేశామన్నది, డిస్క్ ఏ పద్ధతిలో ఉందన్నది కలవాలి. వెనక్కి వచ్చి యూఈఎఫ్ఐ ఉన్న పేరు నొక్కితే గొడవే లేదు. ఈ ఒక్క చోట చాలామంది డ్రైవ్ మార్చమని షాపుకు తిరిగి పోతారట. పోవద్దు, బూట్ మెనూలో ఆ ముందు పదం చూసుకోండి.

ఇక పార్టిషన్లు. 500 జీబీ అని కొంటే విండోస్‌లో 465 కనిపిస్తుంది. మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. నా పాత అలవాటు సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు. మన దగ్గర ఏ సిస్టమ్ చూసినా అంతే ఉంటుంది. సీకి వంద జీబీ ఇస్తారు, రెండేళ్లకు అది ఎర్రగా నిండిపోతుంది, ఎఫ్ మాత్రం ఖాళీగా పడి ఉంటుంది. నేను పనిని ఒక పార్టిషన్‌లో పెడితే ఎస్ఎస్‌డీలో ఆ భాగం ఒక్కటే త్వరగా అరిగిపోతుందేమో అని కూడా అడిగాను. అరగదు. లోపల డ్రైవ్‌ను నడిపించే చిప్పు, అంటే కంట్రోలర్, మనం గీసిన గీతలను పట్టించుకోదు, రాతను చిప్పులన్నిటి మీదా సమంగా పంచుకుంటుంది. కాబట్టి ఎస్ఎస్‌డీని ముక్కలు చేసినందుకు వేగం పెరగదు, ఆయుష్షూ పెరగదు. నాకు కావాల్సింది ఒక్కటే. విండోస్ పాడైనప్పుడు నా పనికి చెయ్యి తగలకుండా విండోస్‌ను మాత్రం మార్చుకోగలగాలి. దానికి రెండు ముక్కలు చాలు.

సీకి 180 జీబీ. సెటప్‌లో ఎంబీల్లో కొట్టాలి కాబట్టి 180ని 1024తో గుణించి 184320 అని కొట్టాను. దాని ముందు 100 ఎంబీది ఒకటి, 16 ఎంబీది ఒకటి అదే చేసుకుంది. ఇవేమిటి, అనవసరం అని డిలీట్ చేయకూడదు, సిస్టమ్ లేచేది ఆ వంద ఎంబీ నుంచే. మిగతాది అప్పటికి అలాగే వదిలేశాను. విండోస్ పడ్డాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ నల్లగీత ఉన్న ఖాళీ మీద కుడి క్లిక్ కొట్టి, 245760 ఎంబీ, అంటే 240 జీబీతో డీ చేసుకున్నాను. డీ అక్షరాన్ని అప్పటికే పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చుంది. దాన్ని పీకాకే దొరికింది. పేరు "వర్క్" అని పెట్టాను. ఈ పేరు పెట్టడం బద్ధకించవద్దు, ఎందుకో కింద చెబుతాను. చివర 45 జీబీ ఖాళీగా, ఏ పార్టిషనూ చేయకుండా ఉంచాను. ఇంచుమించు పదో వంతు. డ్రైవ్ నిండిపోయినా రాత వేగం పడిపోకుండా కంట్రోలర్‌కు కాస్త చోటు ఉంటుంది.

ఫార్మాట్ దగ్గర ఎన్‌టీఎఫ్ఎస్, అలొకేషన్ యూనిట్ డిఫాల్ట్, క్విక్ ఫార్మాట్‌కు టిక్ ఉండాలి. నేను మంచిగా శుభ్రం అవుతుందని టిక్ తీయబోయాను. "వద్దత్తా, తీస్తే ఊరికే 240 జీబీ మొత్తం సున్నాలు రాస్తది, దాని బతుకులోంచి అంత కోసేసినట్టు" అన్నాడు. క్విక్ ఫార్మాట్ నేను వేలు తీసేలోపు అయిపోయింది. డీఫ్రాగ్మెంట్, అంటే హార్డ్ డిస్కులో చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చే పని, కూడా చేయనక్కర్లేదు. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిచి చూస్తే దీన్ని సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని గుర్తుపట్టి, వారానికోసారి ట్రిమ్ చేసేలా పెట్టుకుని ఉంది.

అన్నీ కుదిరాక సిస్టమ్ ఆపి పాత డిస్క్ మళ్లీ తగిలించి, 140 జీబీ పని కాపీ చేశాను. గంట పైనే పట్టింది. ఆ నెమ్మది పాత డిస్కుది. రెండు నెలల దాకా పాత డిస్కులో ఒక్క ఫైలు కూడా డిలీట్ చేయలేదు, అన్నీ తెరుచుకుంటున్నాయని నమ్మకం కుదిరాకే దాన్ని బ్యాకప్‌కు పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం రాత్రి డీ మొత్తం అందులోకి పోతుంది.

వేగం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇప్పుడు స్విచ్ వేసి కుర్చీ లాక్కునేలోపు సిద్ధంగా ఉంటుంది. కంపెనీ చెప్పేది సెకనుకు 560 ఎంబీ చదవడం, 530 ఎంబీ రాయడం. సాటా వైరు మీద ఏ ఎస్ఎస్‌డీ అయినా ఇంచుమించు అంతే ఇవ్వగలదు. మీ బోర్డులో ఎన్‌వీఎంఈ (వైరు లేకుండా నేరుగా బోర్డులో గుచ్చే ఎస్ఎస్‌డీ) స్లాట్ ఉంటే ఇది కొనొద్దు, అదే కొనండి, దాని వేగం దీనికి ఎన్నో రెట్లు. నా బోర్డులో ఆ స్లాట్ లేదు. శుభలేఖ ఫైలు చిన్నది, దానికి ఇదే ఎక్కువ. పెద్ద ఫ్లెక్సీ సేవ్ చేసేటప్పుడు మాత్రం కొద్ది క్షణాలు ఆగాల్సి వస్తుంది. కంపెనీవాళ్ల శాంసంగ్ మెజీషియన్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఐదు నెలలకు రాసింది 3 టీబీ. ఈ లెక్కన 300 టీబీ రాయడానికి నలభై ఏళ్లు పడుతుంది.

పోయిన వారం ఒక సాయంత్రం ఏడింటికి విండోస్ మొండికేసింది. నీలం తెర, మళ్లీ నీలం తెర. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కావలి నుంచి ఒక పెళ్లివారు ప్రూఫ్ కోసం వస్తారు, మూడు రోజుల పని డీలో ఉంది. బెంగళూరులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మీటింగ్‌లో ఉన్నాడు. నేనే కూర్చున్నాను. ముందు పాత డిస్క్ వైర్లు పీకాను. బూట్ మెనూలో యూఈఎఫ్ఐ ఉన్న పేరు నొక్కాను. పార్టిషన్ల జాబితా వచ్చింది. 240 జీబీ దాని పక్కన "వర్క్" అని ఉంది. దాని మీద వేలు పెట్టి, ఇది కాదు అని పైకి అనుకుని, 179 చిల్లర చూపిస్తున్న సీని మాత్రం ఎంచుకుని ఫార్మాట్ నొక్కాను. మిగతా చిన్న ముక్కలు ఒక్కటీ తాకలేదు. విండోస్ పడింది, యాక్టివేషన్ దానంతట అదే అయింది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సెటప్‌లు డీలోనే దాచి ఉంచాను కాబట్టి అవీ వేసుకున్నాను. పేజ్‌మేకర్ 2001 నాటిది, అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే విండోస్ 11లోనూ నాకు బాగానే నడుస్తోంది.

తొమ్మిదిన్నరకు ఆ కార్డు తెరిచాను. పైన వినాయకుడు, కింద శుభముహూర్తం, వధువు పేరులో నిన్న నేను దిద్దిన దీర్ఘంతో సహా ఎక్కడిదక్కడే ఉంది. అప్పుడు మా వాడు ఫోన్ చేశాడు. "అత్తా, ఏందీ ఫోన్ చేసినావ్?" అన్నాడు. ప్రూఫ్ ప్రింట్ తీస్తున్నాను, తర్వాత మాట్లాడతాలే నాయనా అన్నాను.